తాజా అంజీర్ కాలిస్తే ట్రే నిండా నీళ్లే, రంగు రావట్లేదు

కొత్త_ట్రే (విజయవాడ)
అందరికీ నమస్కారం. పటమట రైతు బజార్ దగ్గర బండి మీద తీసుకున్న తాజా అంజీర్, అర కిలో డబ్బా, పన్నెండు కాయలు. ఓవెన్ 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసినది). కాయల్ని నిలువునా సగానికి కోసి, రెండు చెంచాల పంచదార చల్లి, అరగంట ఊరనిచ్చి, 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు పెడితే ముక్కలు ఉడికిన సొరకాయలా తయారయ్యాయి. ట్రేలో గరిటెడు రసం. ఇంకో పది నిమిషాలు ఉంచితే ఆ రసం అడుగంటి చేదెక్కింది, ముక్క మాత్రం పాలిపోయే ఉంది. కాయ తప్పా, ఓవెన్ తప్పా, చేసే పద్ధతి తప్పా?

రెండు_రాడ్లు (గుంటూరు)
మూడూ కొంచెం కొంచెం. ముందు లెక్క చూడండి. తాజా అంజీర్‌లో నూటికి 79 పాళ్లు నీళ్లే, చక్కెర 16 పాళ్లు. అర కిలో కాయలంటే దాదాపు 395 గ్రాముల నీళ్లు, 80 గ్రాముల చక్కెర. ముక్క పైన తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. 100 దగ్గర ఉడుకుతుందే గానీ ఎర్రబడదు. ఎర్రబడాలంటే పైతడి పోవాలి, రసం లోపలే ఉండాలి. కాల్చడంలో ఉన్న కిటుకంతా ఇదే.

మీరు చేసినవాటిలో తడి పెంచినవి మూడు.

ఒకటి, పంచదార చల్లి అరగంట ఊరబెట్టడం. మాగాయికి మామిడి ముక్కల్ని ఉప్పులో వేస్తే ఊట దిగుతుంది కదా, ఇక్కడ పంచదారా అదే పని చేస్తుంది. కాయలోని నీటిని బయటికి లాగేస్తుంది. చల్లాలనుకుంటే ట్రే లోపలికి వెళ్లే నిమిషంలోనే చల్లండి.

రెండు, ట్రేలో కిక్కిరిసి పేర్చడం. మీరు రాయలేదు గానీ 28 లీటర్ల ఓటీజీ ట్రేలో 24 సగాలు పెడితే ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. మధ్యలో వేలు దూరేంత సందు ఉండాలి. లేకపోతే ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగిలి అంతా ఇడ్లీ పాత్ర అవుతుంది. ఆ ట్రేకి 12 నుంచి 14 సగాలు చాలు, మిగతావి రెండో వాయి.

మూడు, 180 చాలదు. సగాలకి 200 డిగ్రీలు, 15 నుంచి 18 నిమిషాలు. కోసిన వైపు పైకి ఉండాలి. ట్రేని నడి అరలో కాకుండా పైనుంచి రెండో అరలో పెట్టండి, పై రాడ్డు వేడి నేరుగా తగులుతుంది. ఓటీజీకి ఆవిరి పోయే దారి సరిగా ఉండదు కాబట్టి 8వ నిమిషంలో ఒకసారి తలుపు తెరిచి, ఐదు సెకన్లు ఆవిరి వదిలి మూసేయండి.

ఇలా చేస్తే అర కిలో కాయలు దాదాపు 350 గ్రాములకి దిగుతాయి. 80 గ్రాముల చక్కెర 350లో అంటే నూటికి 23 పాళ్లు. తీపి పెరిగిందనిపించేది అందుకే, కొత్తగా తీపి పుట్టదు.

తొడిమ (విజయవాడ)
కాయ సంగతి నేను చెప్తా. అంజీర్ కోశాక మెత్తబడుతుంది గానీ తీపెక్కదు. మామిడిలా గడ్డిలో వేసి మాగబెడదామంటే కుదరదు. చెట్టు మీద ఎంత తీపి పట్టిందో అంతే. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి.

మెడ దగ్గర కొంచెం వాలి ఉండాలి, నిగడదన్నినట్టు నిలబడకూడదు. బొటనవేలితో మెల్లగా నొక్కితే లోపలికి దిగి, మళ్లీ నిదానంగా లేవాలి. తోలు మీద సన్నటి గీతల్లాంటి పగుళ్లు ఉంటే మంచిదే, తీపి పట్టిందని గుర్తు. కింద కన్ను (కాయ అడుగున ఉండే చిన్న రంధ్రం) దగ్గర తేనెబొట్టులా అంటుకుని ఉంటే ఆ రోజే వాడేయాలి. తొడిమ విరిస్తే పాలు బొటబొటా కారాయంటే పచ్చిది. అది ఎంత కాల్చినా సొరకాయే, మీరు చెప్పిన పోలిక కరెక్టు.

డబ్బాని తిరగేసి చూడటం మర్చిపోకండి. పై వరస నిగనిగలాడుతుంది, కింద వరస నలిగి రసం కారుతుంటుంది. మూత తీసి వాసన చూడండి. పులిసిన కల్లు వాసన కొడితే కన్ను గుండా ఈగలు, ఈస్టు లోపలికి వెళ్లి పులిశాయన్నమాట. దాన్ని వేడి బాగు చేయదు.

మనకి వచ్చే సరుకు ఎక్కువగా మహారాష్ట్రలో పూనా దగ్గరి పురందర్ వైపుది, కర్ణాటకలో బళ్లారి వైపుది, మన అనంతపురం జిల్లాది. పూనా వైపు రెండు కాపులు. వానలు పోయాక వచ్చే కాయ కాస్త పులుపు, దాన్ని వాళ్లు ఖట్టా బహార్ అంటారు. ఎండాకాలం ముందు నుంచి వచ్చేది మీఠా బహార్, పేరుకు తగ్గట్టే తీపి. కాల్చడానికి రెండోదే మేలు. మొదటిదానికి బెల్లం సాయం కావాలి.

కొత్త_ట్రే (విజయవాడ)
రెండు_రాడ్లు గారూ, లెక్క అర్థమైంది. ట్రేలో ఆనుకునే పెట్టాను, నిజమే. ఇంకో అనుమానం. డయల్ మీద 200 పెడితే లోపల నిజంగా 200 ఉంటుందా?

ఫ్యూజ్_వైర్ (గుంటూరు)
చాలా ఓటీజీల్లో ఉండదు. 15, 20 డిగ్రీల తేడా మామూలే. ఓవెన్ థర్మామీటర్ లేకపోతే పంచదారతో చూసుకోవచ్చు. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న స్టీలు మూతలో అర చెంచా పంచదార వేసి డయల్ 175 దగ్గర పెట్టి, ప్రీహీట్ అయ్యాక 15 నిమిషాలు ఉంచండి. గింజ గింజలాగే ఉండాలి. కరిగిందంటే మీ ఓవెన్ చెప్పినదానికన్నా వేడెక్కువ. తర్వాత 190 పెట్టి ఇంకో 15 నిమిషాలు. ఇప్పుడు కరగాలి. కరగలేదంటే వేడి తక్కువ. ఆ తేడా ఎంతో డయల్ పక్కన పెన్నుతో రాసుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం, వోల్టేజి. ఎండాకాలం సాయంత్రాలు వీధంతా ఏసీలు వేసేసరికి 230 రావాల్సిన చోట 200 వస్తుంటుంది. రాడ్డు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 200 వోల్టుల దగ్గర 1500 వాట్ల ఓటీజీ 1130 వాట్లే ఇస్తుంది, అంటే ముప్పాతిక. థర్మోస్టాట్ ఉంది కాబట్టి ఆలస్యంగానైనా వేడి చేరుతుంది. కానీ ప్రీహీట్ 10 నిమిషాలు కావాల్సింది 15 దాటుతుంది, తలుపు తెరిచాక మళ్లీ కోలుకోవడానికి టైం పడుతుంది. ఆ సమయంలో కాయలు నీళ్లు వదిలేస్తాయి. మీ ముక్కలు పాలిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. పొద్దున పెట్టి చూడండి.

1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో, పైగా ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకండి. పెద్ద పవర్ ప్లగ్గే వాడాలి.

గడ్డపెరుగు (గుంటూరు)
ట్రే మీద ఏం పరిచారు? ఎవరూ అడగలేదు. బజార్లో బటర్ పేపర్ అని ఇచ్చేది చాలాసార్లు ఉత్త జిడ్డు పీల్చని కాగితం, దానికి సిలికాన్ పూత ఉండదు. అంజీర్ పాకం దానికి అతుక్కుంటే కాగితంతో సహా తినాల్సిందే. మైనం పూత ఉన్నదైతే ఇంకా ఘోరం, కరిగి పొగ వస్తుంది. బేకింగ్ పేపర్ అని అడిగి, అట్టపెట్టె మీద ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో చూసి తీసుకోండి, 220 అని ఉంటే చాలు. ఫాయిల్ అయితే నెయ్యి రాయాలి. నల్ల ట్రే అడుగు త్వరగా మాడుతుంది, దానికి రెండు నిమిషాలు తగ్గించండి.

మిర్చి_334 (గుంటూరు)
కోసిన వైపు పైకి అన్నారు. ఎయిర్ ఫ్రయర్లో కూడా అంతేనా? తేనె ఎప్పుడు రాయాలి? గుంటూరు వాళ్లం కాబట్టి కారం సంగతి కూడా చెప్పండి.

రెండు_రాడ్లు (గుంటూరు)
ఎయిర్ ఫ్రయర్లో కూడా పైకే. 180 డిగ్రీలు, 8 నుంచి 10 నిమిషాలు. 6వ నిమిషం నుంచి చూస్తూ ఉండండి, ఫ్యాన్ గాలికి తడి త్వరగా ఆరుతుంది. నిజానికి రంగు విషయంలో ఓటీజీ కన్నా ఇదే నయం. రెండు జాగ్రత్తలు. బుట్ట చిల్లుల్లోంచి పాకం కింద పడితే పొగ వస్తుంది, కాబట్టి కాగితం వేయాలి. ఆ కాగితాన్ని ఖాళీగా పెట్టి ప్రీహీట్ చేయకండి, ఫ్యాన్ గాలికి లేచి కాయిల్‌కి తగులుకుంటుంది. కాయల బరువు దాని మీద ఉండాలి.

తేనె చివరి 4, 5 నిమిషాల్లో. తేనెలో ఎక్కువగా ఉండేది ఫ్రక్టోజ్ అనే చక్కెర, అది 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. మొదట్లోనే రాస్తే కాయ కాలేసరికి తేనె మాడి చేదు. అర కిలోకి రెండు టీ చెంచాలు మించొద్దు. తాటి బెల్లం పొడి అయితే 15 గ్రాములు, అది ముందే చల్లొచ్చు, కాకపోతే ట్రే లోపలికి వెళ్లే ముందు మాత్రమే.

కారం 200 డిగ్రీల్లో 15 నిమిషాలుంటే నల్లబడి ఘాటు గొంతుకి పడుతుంది. దించాక, కాయ వేడిగా ఉన్నప్పుడే చిటికెడు చల్లండి. లేదా అర చెంచా నెయ్యి గోరువెచ్చగా కాచి, పొయ్యి ఆపేశాక అందులో కారం కలిపి పైన చుక్కలుగా వేయండి. ఎర్రటి చుక్కలు, నల్లటి అంచులు. చూడటానికీ బాగుంటుంది. మిరియాల పొడి, యాలకుల పొడి కూడా దించాకే.

నిమ్మరసం గురించి అడగలేదు గానీ చెప్తున్నా. కాల్చకముందు పిండితే పులుపు వల్ల ఎర్రబడటం మందగిస్తుంది. దించాక పిండాలి. అర కిలోకి అర చెక్క.

కుంపటి_బాబాయి (విజయవాడ)
ఓటీజీ, ఎయిర్ ఫ్రయర్, వోల్టేజి, పంచదార పరీక్ష... అంజీర్ కాల్చడానికి ఇంత సరంజామానా? వంకాయ ఎలా కాలుస్తామో ఇదీ అంతే. బొగ్గులు బాగా రాజుకుని పైన బూడిద పట్టాక, మంట లేకుండా, నాలుగైదు అంగుళాల ఎత్తులో జాలి పెట్టి, కాయల్ని కోయకుండా మొత్తంగా పెట్టాలి. తొడిమ ఉంచి, పక్కన రెండు చోట్ల ఫోర్కుతో గుచ్చండి, లేకపోతే లోపలి ఆవిరికి పేలి రసం బొగ్గుల మీద పడుతుంది. రెండు నిమిషాలకోసారి తిప్పుతూ 6 నుంచి 8 నిమిషాలు. తోలు అక్కడక్కడా నల్లబడి, నొక్కితే జావలా అనిపిస్తే అయిపోయినట్టే. పొగ వాసన ఓవెన్ ఎన్ని డిగ్రీల్లో పెట్టినా రాదు.

కుంపటి బాల్కనీలోనో డాబా మీదో పెట్టండి. వంటగదిలో తలుపులు మూసి బొగ్గులు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసనుండదు, ప్రాణం తీస్తుంది.

రెండు_రాడ్లు (గుంటూరు)
బాబాయ్, కుంపటి రుచికి నేను ఎదురు చెప్పను. కానీ మొత్తం కాయ కాలిస్తే లోపల కాలదు, ఉడుకుతుంది. తోలే కాలుతుంది. పచ్చడికి అది సరిపోతుంది. కోసిన వైపు ఎర్రగా పాకం పట్టినట్టు కావాలంటే సగాలే చేయాలి.

కుంపటి_బాబాయి (విజయవాడ)
సగాలు జాలి మీద పెడితే అతుక్కుని చిరుగుతాయి. అయినా చేయొచ్చు. జాలిని ముందు బాగా వేడి చేసి, నూనె గుడ్డతో తుడిచి, కోసిన వైపు కిందకి 90 సెకన్లు, కదపకుండా. తనంతట తానే వదిలేదాకా తీయొద్దు. ఇది ఒప్పుకుంటా, ఎయిర్ ఫ్రయర్ వాళ్లకి ఇంత ఓపిక అక్కర్లేదు.

బ్రాడీపేట_పచ్చళ్లు (గుంటూరు)
పొయ్యి మీద పెనం ఉందిగా, మధ్యలో దాన్నెవరూ తలుచుకోరేం? పోత ఇనుప పెనం మధ్య మంట మీద మూడు నిమిషాలు కాగనిచ్చి, చెంచా నెయ్యి, కోసిన వైపు కిందకి రెండున్నర నిమిషాలు, తిప్పి ఒక నిమిషం. నాలుగు కాయలే కావాల్సినప్పుడు ఓవెన్ అక్కర్లేదు. పెనంలో కూడా కిక్కిరిస్తే నీళ్లే, ఆరు సగాలకి మించొద్దు. దోసెల పెనం మాత్రం వాడకండి, ఉల్లిపాయ వాసన పట్టి ఉంటుంది. నాన్‌స్టిక్ ఖాళీగా అంత వేడి చేయకూడదు, దాని మీద మంట తగ్గించి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచండి.

కొత్త_ట్రే (విజయవాడ)
కడగడం, కోయడం గురించి కూడా ఒక మాట చెప్పండి. తొడిమ కోస్తే చేతులు జిగటగా, కొంచెం దురదగా ఉన్నాయి.

తొడిమ (విజయవాడ)
నానబెట్టొద్దు. కన్ను తెరిచే ఉంటుంది, నీళ్లు లోపలికి పోతాయి. కుళాయి కింద ఒక్కొక్కటీ తొడిమ పట్టుకుని తిప్పుతూ కడిగి, బట్ట మీద కన్ను కిందకి పెట్టి, ఫ్యాను కింద పది నిమిషాలు ఆరబెట్టండి. తొడిమ 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే కోయాలి, గట్టి చెక్కలాంటి భాగం వరకే. తోలు తీయనక్కర్లేదు, అదే కాయకి గిన్నె.

దురద ఆ పాల వల్ల. కోసే ముందు వేళ్లకి కొంచెం నూనె రాసుకుంటే జిగట పట్టదు. ఆ పాలు చర్మం మీద ఉండగా ఎండలోకి వెళ్తే మచ్చలు, బొబ్బలు వచ్చే వీలుంది, సబ్బుతో కడిగేయండి. డాబా మీద చెట్టు పెంచేవాళ్లు ఆకులు కోసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

నిలువుగా సగం కాకుండా ఇంకో కోత ఉంది. తొడిమ వైపు నుంచి ఇంటూ గుర్తులా మూడింట రెండు వంతుల లోతుకి కోసి, కింద రెండు వేళ్లతో నొక్కితే పువ్వులా విచ్చుకుంటుంది. మధ్యలో పనీర్ తురుము, జీడిపప్పు పలుకు పెట్టి 200 దగ్గర 12 నుంచి 14 నిమిషాలు. గుత్తి వంకాయ చేయి తిరిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. బాగా మెత్తబడిన కాయకి ఈ కోత పనికిరాదు, రేకులు విడిపోతాయి.

మిర్చి_334 (గుంటూరు)
లోపల పురుగులుంటాయంటారు, మేడిపండులాగా. కాల్చితే పోతాయా?

తొడిమ (విజయవాడ)
మేడి వేరు, ఇది వేరు. రెండూ ఒకే కుటుంబం. మేడిలో కందిరీగ జాతి చిన్న పురుగు లోపలికి దూరితేనే గింజ కడుతుంది, అందుకే విప్పితే పురుగులు. మన బజారుకి వచ్చే పూనా అంజీర్, డయానా రకాలకి ఆ పురుగుతో పనిలేదు, పరాగసంపర్కం లేకుండానే కాయ పండుతుంది. లోపల కరకరలాడేవి బోలు గింజలు. అయినా కన్ను గుండా చీమలో ఈగలో వెళ్లే వీలుంది కాబట్టి కోసి చూడటం మంచిదే. సగాలుగా కోస్తే ఆ పని ఎలాగూ అయిపోతుంది.

కోసినప్పుడు లోపల నల్లటి మసి పొడిలా ఉంటే మాత్రం అది బూజు. ఆ కాయ మొత్తం పారేయండి, ఆ భాగం తీసేసి మిగతాది కాల్చొద్దు. కొన్ని బూజులు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వంటింటి వేడికి పోదు.

గడ్డపెరుగు (గుంటూరు)
తీపి వైపు ఒక ముఖ్యమైన మాట. కాల్చని అంజీర్‌ని పాలతో మిక్సీలో కొట్టి ఉంచితే కాసేపటికి విరిగి, చేదొస్తుంది. కాయలో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది. మటన్‌కి పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం చూడండి, అదే లెక్క. 80 డిగ్రీలు దాటితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి కాల్చిన అంజీర్‌తో బాసుంది, కుల్ఫీ, పాయసం ధైర్యంగా చేయొచ్చు. పెనం మీద పైపైన రెండు నిమిషాలు కాల్చిన కాయ నడుమ మాత్రం అంత వేడెక్కి ఉండదు, దాన్ని పాలలో వేయకండి.

పాలలో కలిపేటప్పుడు పాలు, గుజ్జు రెండూ చల్లారాక కలపండి. నిమ్మరసం పిండిన బ్యాచ్ అయితే పాలకి దూరంగా ఉంచండి, అది ఎంజైమ్ వల్ల కాదు, పులుపు వల్లే విరుగుతుంది.

వడ్డించడానికి నాకు నచ్చేది: అర లీటరు పెరుగు పల్చటి గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు వేలాడదీస్తే గడ్డ పెరుగు వస్తుంది. దాని మీద నాలుగు వేడి అంజీర్ సగాలు, ట్రేలో మిగిలిన పాకం, వేయించిన జీడిపప్పు, చిటికెడు ఉప్పు. పంచదార వేయొద్దు దయచేసి.

బ్రాడీపేట_పచ్చళ్లు (గుంటూరు)
కాల్చిన అంజీర్ రోటి పచ్చడి కొలతలు రాస్తున్నా, ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టి అడిగారు.

కాల్చిన అంజీర్ 250 గ్రాములు. ఎండుమిర్చి 6, కారం తక్కువ కావాలంటే 4. చింతపండు 15 గ్రాములు, రెండు చెంచాల వేడినీళ్లలో నానబెట్టాలి. ఉప్పు ఒక టీ చెంచా. అల్లం అంగుళం ముక్క. మెంతులు పావు టీ చెంచా, జీలకర్ర అర చెంచా.

మెంతుల్ని సన్న మంట మీద ఎర్రగా వేయించాలి. నల్లబడ్డాయంటే పారేసి మళ్లీ వేయించుకోండి, ఆ చేదు పచ్చడి మొత్తాన్ని పాడుచేస్తుంది. మిర్చి చెంచా నూనెలో వేయించి, మెంతులు, జీలకర్ర, ఉప్పుతో ముందు దంచాలి. తర్వాత చింతపండు, అల్లం. చివర్లో అంజీర్, నాలుగు పోట్లు చాలు. మిక్సీ అయితే రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి, మెత్తగా రుబ్బితే జామ్ తిన్నట్టుంటుంది. పైన ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు పోపు.

తీపి కాయ కాబట్టి పులుపు, కారం రెండూ మామూలు పచ్చడి కన్నా ఒక మెట్టు ఎక్కువుండాలి. ఎక్కువ మందికి తప్పేది ఇక్కడే. చింతపండు తగ్గించి తీపి పచ్చడి చేసుకుని, అన్నంలో బాలేదంటారు. పెసరట్టులోకి, మినపట్టులోకి బాగుంటుంది. ఓవెన్‌లో సగాలుగా కాల్చినవాటికన్నా బాబాయిగారి కుంపటి కాయలే దీనికి సరి.

కుంపటి_బాబాయి (విజయవాడ)
అమ్మా, ఆ ఆఖరి వాక్యం ఫ్రేము కట్టించుకుంటా.

ఫ్యూజ్_వైర్ (గుంటూరు)
మైక్రోవేవ్ మాత్రమే ఉన్నవాళ్ల కోసం: ఉత్త మైక్రోవేవ్‌లో ఎర్రబడదు, లోపలి నీళ్లు మరిగి కాయ పగులుతుంది. కన్వెక్షన్ (ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పే పద్ధతి) ఉంటే 200 పెట్టి, పొడవాటి స్టాండు మీద. గ్రిల్ మాత్రమే ఉంటే 10 నిమిషాలు గ్రిల్, 7వ నిమిషంలో ప్లేటు తిప్పాలి, రాడ్డు ఒక పక్కనే ఉంటుంది కాబట్టి.

మిర్చి_334 (గుంటూరు)
షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

రెండు_రాడ్లు (గుంటూరు)
50 గ్రాముల కాయలో దాదాపు 8 గ్రాముల చక్కెర. కాల్చినా ఆ 8 అలాగే ఉంటుంది, కాయ చిన్నదవుతుంది అంతే. అందుకే బరువు చూసి కాదు, కాయలు లెక్కపెట్టి తినాలి. బెల్లం, తేనె వేస్తే అది అదనం. ఎన్ని తినొచ్చో డాక్టరుని అడగండి.

కొత్త_ట్రే (విజయవాడ)
ఈ పొద్దున మళ్లీ చేశా. 14 సగాలు, సందులు వదిలి, 200, పై నుంచి రెండో అర, పంచదార లేదు. ప్రీహీట్ 12 నిమిషాలు. 8వ నిమిషంలో ఆవిరి వదిలా. 16వ నిమిషానికి అంచులు ముదురు ఎరుపు, మధ్యలో పాకం బుడగలు. ట్రేలో రెండు చెంచాల రసమే. మిగతా సగాలు రెండో వాయి వేసేలోపు అడుగుతున్నా, ఎక్కువ చేస్తే ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి? సీసాలో తేనె పోసి బయట పెట్టొచ్చా?

రెండు_రాడ్లు (గుంటూరు)
బయట వద్దు. అంజీర్‌లో పులుపు తక్కువ, ఊరగాయలా తనను తాను కాపాడుకోలేదు. సీసాలో గాలి తగలకుండా మూసి బయట పెడితే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే సూక్ష్మజీవులకి అవకాశం. పైన పోసిన తేనె కాయ రసంతో పల్చబడుతుంది, ఇక దాని నిల్వ గుణం పోయినట్టే. మన ఎండల్లో అయితే అసలు ఆలోచనే వద్దు.

పూర్తిగా చల్లారాక గాజు డబ్బాలో ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. వేడిగా మూత పెడితే ఆవిరి చెమర్చి మళ్లీ నీళ్లు. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత కవర్లోకి, మూడు నెలలు. కరిగాక మెత్తబడతాయి, పచ్చడికి, కుల్ఫీకి వాడుకోవడమే. పచ్చడి కూడా ఫ్రిజ్‌లోనే, వారం లోపు.

నిల్వకే చేయాలనుకుంటే నిదానంగా కాల్చండి. 120 డిగ్రీలు, కోసిన వైపు పైకి, గంటన్నర నుంచి రెండు గంటలు. అర కిలో దాదాపు 250కి దిగాలి. ట్రేతో సహా తూకం వేసి చూడండి, గడియారం కన్నా తక్కెడే నమ్మకం. ఫ్రిజ్‌లో ఇవి వారం ఆగుతాయి. రంగు అంత రాదు, జీళ్లలా సాగుతాయి.

గడ్డపెరుగు (గుంటూరు)
ట్రేలో ఆ రెండు చెంచాల రసం పారబోయొద్దు. చిన్న గిన్నెలో సన్న మంట మీద నిమిషంన్నర మరిగిస్తే తేనెలా వస్తుంది.

కొత్త_ట్రే (విజయవాడ)
అయ్యో, కడిగేశాను. రెండో వాయి ట్రే ఇప్పుడే పెట్టా, దానిది పట్టి ఉంచుతా.

తొడిమ (విజయవాడ)
రెండో వాయికి ప్రీహీట్ అక్కర్లేదు, ట్రే కూడా వేడిగానే ఉంటుంది. 13వ నిమిషంలోనే తలుపు దగ్గర ఉండండి.